వారమంతా నోరు కట్టుకుంటే...

బరువు తగ్గారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. కానీ శుక్రవారం రాత్రి మొదలైతే ఆదివారం రాత్రి దాకా చెయ్యి ఆగడం లేదు. సోమవారం మళ్లీ కఠిన పథ్యం. ఎన్నో ఇళ్లలో గుట్టుగా సాగుతున్న ఈ తంతుకు మూలం ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లిన ఒకరి అనుభవం, ఆ దారిలో తెలిసిన శాస్త్రం ఈ వారం ముఖచిత్ర కథనం.

ఆదివారం రాత్రి పదకొండు గంటలు. ఇల్లంతా నిద్రపోయింది. ఫ్రిజ్ తెరిచి, మధ్యాహ్నం మిగిలిన మటన్ కూర గిన్నె బయటికి తీశాను. వేడి చేయలేదు. కంచం పెట్టుకోలేదు. పేరుకున్న నూనెతోనే, అన్నం ఆ గిన్నెలోనే కలుపుకుని, నిలబడే తినేశాను. తర్వాత డబ్బాలో ఉన్న మూడు కాజాలు. ఆ తర్వాత మా అబ్బాయి బిస్కెట్ ప్యాకెట్. ఏదీ రుచి గుర్తులేదు. బుర్రలో ఒకటే లెక్క తిరుగుతోంది. రేపు సోమవారం, రేపటి నుంచి ఇవేవీ ఉండవు, కాబట్టి ఈ రాత్రే అన్నీ అయిపోవాలి.

గిన్నె తోమి, తుడిచి, ఎప్పుడూ ఉండే చోటే బోర్లించి పడుకున్నాను. తెల్లవారి అమ్మ ‘కూర ఏదే?’ అని అడిగితే, పనమ్మాయికి ఇచ్చేశానని అబద్ధం చెప్పాను.

అప్పటికి నేను 84 కిలోల నుంచి 65కి వచ్చి మూడు నెలలైంది. ఆఫీసులో పక్క సెక్షన్ వాళ్లు కూడా వచ్చి ‘ఏం తిన్నారు, ఎలా తగ్గారు’ అని అడిగి రాసుకునేవాళ్లు. పెళ్లిళ్లలో బంధువులు పక్కకు పిలిచి కొలతలు అడిగేవాళ్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను తిన్నదంతా వాళ్లకు చెప్పాను. శని, ఆదివారాలు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తర్వాత తెలిసింది, నాలాంటి వాళ్లు నా చుట్టూనే ఉన్నారని. ఒకామె శనివారం మధ్యాహ్నం పిల్లల్ని ట్యూషన్‌కి పంపి, తలుపు వేసుకుని తింటుంది. ఒకాయన ఆదివారం బిర్యానీ కోసం శనివారమంతా మజ్జిగతో గడిపి, తీరా ముందుకు వచ్చాక ఇద్దరికి సరిపోయే ప్యాకెట్ ఒక్కడే ముగిస్తాడు. ఇద్దరూ బాగా బరువు తగ్గినవాళ్లే. ఇద్దరూ తమది కక్కుర్తి అనే అనుకుంటున్నారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం మంది, తెలంగాణలో 30 శాతం మంది మహిళలు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. కాబట్టి డైట్లు చేసేవాళ్లు ఇంటికొకరు ఉండటంలో వింత లేదు. ఎలా తగ్గాలో చెప్పేవాళ్లు వీధికొకరు. తగ్గిన మర్నాటి నుంచి ఎలా బతకాలో చెప్పేవాళ్లు మాత్రం చాలా తక్కువ. నా శనివారాలను తిట్టుకుంటూ రెండేళ్లు పోగొట్టుకున్నాను. తిట్టాల్సింది వాటిని కాదని ఆలస్యంగా తెలిసింది. అది ఇంకొకరికి కాస్త ముందే తెలియాలన్నదే ఈ కథనం రాయడానికి కారణం.

విందు వేరు, ఇది వేరు

ముందుగా ఒకటి తేల్చుకోవాలి. ఆదివారం కోడికూరతో నాలుగు గారెలు ఎక్కువ తినడం జబ్బు కాదు. పెళ్లిలో రెండోసారి పులిహోర వేయించుకోవడం, పండక్కి బొబ్బట్టు మీద నెయ్యి పోసుకోవడం తప్పు కాదు. అది విందు. విందులో పక్కన మనుషులుంటారు, మాటలుంటాయి, తిన్నాక తృప్తి ఉంటుంది. కడుపు నిండగానే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

వైద్యులు ‘బింజ్ ఈటింగ్’ అనేది దీనికి పూర్తిగా భిన్నమైనది. కొద్దిసేపట్లోనే చాలా ఎక్కువ తినడం, తింటున్నంతసేపూ ఆపుకోలేకపోతున్నానన్న భావం ఉండటం దాని ప్రధాన లక్షణాలు. గబగబా తినడం, ఆకలి లేకపోయినా తినడం, కడుపు నొప్పెట్టే దాకా తినడం, ఎవరైనా చూస్తారేమోనని ఒంటరిగా తినడం, తిన్నాక తన మీద తనకే అసహ్యం కలగడం దానితోపాటు వస్తాయి. అమెరికా మానసిక వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే ఈ తీరును వర్ణించాడు. అయినా ‘బింజ్ ఈటింగ్ డిజార్డర్’కి అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథంలో స్వతంత్ర స్థానం దక్కింది 2013లోనే. సగటున వారానికి ఒకసారైనా, మూడు నెలలపాటు ఇలా జరుగుతుంటే దాన్ని చికిత్స అవసరమైన సమస్యగా చూడాలని ఆ గ్రంథం చెబుతోంది.

వారానికి ఒకసారి. అంటే ప్రతి శనివారం.

మన భాషలో దీనికి సరైన పేరు లేదు. ఉన్నవన్నీ తిట్లే. తిండిపోతు, కక్కుర్తి, జిహ్వచాపల్యం. పేరు లేనిదాన్ని డాక్టర్‌కి చెప్పుకోలేం. తిట్టుగా మాత్రమే తెలిసినదాన్ని ఇంట్లోనూ చెప్పుకోలేం. అందుకే ఇది వంటింట్లో, రాత్రిపూట, ఫ్రిజ్ లైటు వెలుగులోనే ఉండిపోతోంది.

ముప్పై ఆరుగురు చెప్పిన నిజం

రెండో ప్రపంచ యుద్ధం ముగింపుకొస్తున్న రోజులు. ఆకలితో అలమటించిన యూరప్ జనానికి తిరిగి తిండి ఎలా అలవాటు చేయాలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. అది తెలుసుకోవడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1944 నవంబరులో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు దానికి స్వచ్ఛందంగా వచ్చారు. 24 వారాలపాటు వాళ్లకు రోజుకు సుమారు 1,570 కేలరీల తిండి పెట్టారు. బంగాళదుంపలు, టర్నిప్ దుంపలు, రొట్టె, మాకరోనీ. వాళ్ల బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది.

బరువుతోపాటు మనుషులే మారిపోయారు. పగలూ రాత్రీ తిండి ఆలోచనలే. వంటల పుస్తకాలు కొని నవలల్లా చదివారు. భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు. ప్రయోగానికి ముందు వీళ్లలో ఎవరికీ తిండి మీద ఇలాంటి పిచ్చి లేదు.

నన్ను కదిలించింది ఆ తర్వాతి భాగం. తిండి మళ్లీ పెట్టడం మొదలయ్యాక, కట్టుబాట్లు తీసేశాక, వాళ్లలో కొందరికి తినడం ఆపడం చేతకాలేదు. ముఖ్యంగా వారాంతాల్లో రోజుకు 8,000 నుంచి 10,000 కేలరీల దాకా తిన్నవాళ్లున్నారు. కడుపు పగిలేలా తిన్నాక కూడా ఇంకా ఆకలిగానే ఉందన్నారు. ఈ వివరాలన్నీ 1950లో రెండు పెద్ద సంపుటాలుగా వచ్చాయి.

అది చదివిన రోజు నేను లెక్క వేసుకున్నాను. వాళ్లకు పెట్టింది 1,570 కేలరీలు. నేను ఫోన్‌లో యాప్ పెట్టుకుని తిన్నది 1,200. వాళ్లు నాకంటే పొడవైన మగవాళ్లు, వారానికి 35 కిలోమీటర్లు నడిచేవాళ్లు, పోలిక అంగుళం అంగుళం సరిపోదు. కానీ వాళ్లను ఎవరూ కక్కుర్తి మనుషులని అనలేదు. ఆకలితో మాడిన దేహం అలాగే చేస్తుందని శాస్త్రం రాసుకుంది. అదే మాట నా గురించి నేనెందుకు అనుకోలేకపోయాను?

ఒంటికి గుర్తుంటుంది

కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ వెలువడుతుంది. ‘నిల్వలు ఉన్నాయి, కంగారు లేదు’ అని మెదడుకు కబురు చేయడం దాని పని. దీన్ని 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుక్కుంది. ఖాళీ పొట్ట నుంచి ‘తిండి కావాలి’ అని పిలిచేది గ్రెలిన్. అది 1999లో జపాన్ శాస్త్రవేత్తల చేతికి చిక్కింది. బరువు తగ్గినప్పుడు లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. అంటే ‘చాలు’ అనే గొంతు సన్నబడుతుంది, ‘ఇంకా’ అనే గొంతు పెద్దదవుతుంది.

కొన్నాళ్లకు ఇవి సర్దుకుంటాయి కదా అనుకుంటాం. 2011లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు అదే పరీక్షించారు. యాభై మంది స్థూలకాయులను పది వారాలపాటు అతి తక్కువ కేలరీల ఆహారం మీద ఉంచారు. సగటున పదమూడు కిలోలకు పైగా తగ్గారు. ఏడాది తర్వాత రక్తం పరీక్షిస్తే, ఆకలి హార్మోన్లు ఇంకా పాత స్థాయికి రాలేదు. ఆకలి కూడా మొదటికంటే ఎక్కువగానే ఉంది. అద్దంలో కనిపించే సన్నటి మనిషి లోపల, పోయిన పంతొమ్మిది కిలోలను వెతుక్కుంటున్న ఒళ్లు ఒకటి ఉంటుంది.

అలాంటి ఒంటికి వారంలో ఐదు రోజులు అవసరానికి తగ్గించి పెట్టామనుకోండి. ఒకరికి రోజుకు 1,900 కేలరీలు కావాలి, 1,200తో సరిపెట్టారు. రోజుకు 700 చొప్పున ఐదు రోజుల్లో 3,500 బాకీ. శని, ఆదివారాల్లో రోజుకు 1,750 అదనంగా తింటే ఆ బాకీ పూర్తిగా తీరిపోతుంది. బిర్యానీ, కూల్‌డ్రింకు, ఐస్‌క్రీం, రాత్రికి చిరుతిళ్లు కలిస్తే 1,750 అసాధ్యమేమీ కాదు. వారమంతా మాడి, వారం చివర బాధపడి, సోమవారానికి బయల్దేరిన చోటికే చేరతాం. శనివారం మనం కొత్తగా చేసే తప్పేమీ లేదు. సోమవారం నుంచి చేస్తూ వచ్చిన అప్పు ఆ రోజు వసూలవుతుంది. ఆకలి రుచెరుగదని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రాత్రి మటన్ కూర రుచి నాకెందుకు గుర్తులేదో ఆ సామెతలోనే ఉంది.

మునిగాక చలేమిటి

ఆకలి ఒక సగం. మిగతా సగం మనసుది.

1975లో అమెరికాలో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు కాలేజీ అమ్మాయిలతో చేసిన ప్రయోగం ఒకటుంది. రుచి పరీక్ష అని చెప్పి కొందరికి మిల్క్‌షేక్ తాగించారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత ముందర ఐస్‌క్రీం పెట్టి కావలసినంత తినమన్నారు. డైట్ చేయనివాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీం తక్కువ తిన్నారు. కడుపు నిండింది కాబట్టి అది సహజం. డైట్ చేస్తున్నవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగిన తర్వాతే ఎక్కువ ఐస్‌క్రీం తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది, ఇక ఆగడమెందుకు అన్న ఆలోచన అక్కడ పనిచేసింది.

దీన్ని మనవాళ్లు ఎప్పుడో రెండు మాటల్లో చెప్పారు. మునిగాక చలేమిటి? ఆఫీసులో పుట్టినరోజు కేకు ముక్క ఒకటి నోట్లో పడుతుంది. అదేమీ పెద్ద సంగతి కాదు. కానీ ‘ఈరోజు పాడైంది, సోమవారం నుంచి చూద్దాం’ అన్న మాట పెద్దది. కేకు ముక్క మహా అయితే మూడు నాలుగు వందల కేలరీలు. ఆ మాట రెండు రోజుల్ని మింగేస్తుంది.

‘చీట్ డే’ అన్న పేరు కూడా ఈ పనే చేస్తుంది. ఆదివారం ఒక్కరోజు ఏదైనా తినొచ్చు అని రాసిచ్చే డైట్ చార్టులు చాలా ఉన్నాయి. వినడానికి దయగా ఉంటుంది. కానీ ఆ మాటకు అర్థం మోసం. మా అమ్మ పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి చేసిన నాటుకోడి పులుసు ఎవరిని చేసిన మోసం? ఇష్టమైన తిండికి ఆ పేరు పెట్టాక, దాన్ని ఇష్టంగా తినలేం. దొంగలా తింటాం. ఆరు రోజులు నిషేధించి ఏడో రోజు తలుపులు బార్లా తీస్తే, ఆ ఏడో రోజు మనిషి తినడు, దోచుకుంటాడు.

మన వారం నడిచే తీరు

తెలుగు ఇంటి వారానికి తనదైన నడక ఉంది. శనివారం వెంకన్న పేరు మీద చాలామంది ఒంటిపూట ఉంటారు, తెలంగాణలో ఒక్కపొద్దు అంటారు. నీచు ముట్టరు. తెల్లారితే ఆదివారం. పొద్దున ఏడింటికే మటన్ కొట్టు ముందు, చికెన్ షాపు ముందు బారులు తీరతాం. వారమంతా డబ్బా తిండి తిన్న ఇల్లు ఆరోజు మసాలా వాసనతో నిండుతుంది. సాయంత్రం ఎవరిదో గృహప్రవేశం, ఓణీల వేడుక, లేకపోతే సినిమా. ఇందులో ఏదీ చెడ్డది కాదు. మనుషులు కలిసే రోజులవి. చిక్కల్లా, ముందే ఐదు రోజులు మాడిన కడుపుతో ఆ రోజుల్లోకి అడుగుపెట్టడంలో ఉంది.

ఉపవాసం గురించి ఒక మాట. దేవుడి కోసం ఉండే ఒక్కపొద్దు మనసుకు బలాన్నిస్తుంది. నేనూ ఉన్నాను. కానీ ఆదివారం తిన్నదానికి శిక్షగా సోమవారం ‘శివుడి ఉపవాసం’ పెట్టుకున్న వారాలు నా జీవితంలో ఉన్నాయి. ఆ సోమవారాల్లో శివుడు లేడు, బరువు తూచే మిషనే ఉంది. నోముకూ శిక్షకూ తేడా మన మనసుకు తెలుస్తుంది. అతిగా తినే ఇబ్బంది ఉన్నవాళ్లు ఆ అలవాటు చక్కబడేదాకా ఉపవాసాలను పక్కన పెట్టడమే మేలు. భక్తికి వేరే దారులున్నాయి.

నిద్ర సంగతి కూడా ఉంది. శుక్రవారం రాత్రి ఓటీటీ ముందు రెండింటి దాకా కూర్చుంటాం. చికాగోలో 2004లో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిచ్చి చూశారు. ఎక్కువసేపు పడుకున్న రాత్రులతో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి మీద, ఉప్పటి చిరుతిళ్ల మీద యావ పెరిగింది. శనివారం పొద్దున్నుంచీ ఏదో ఒకటి నమలాలనిపించడానికి శుక్రవారం రాత్రి కూడా ఒక కారణం.

సోమవారం మిషన్ ఎక్కకండి

సోమవారం పొద్దున బరువు చూసుకుంటే రెండు కిలోలు ఎక్కువ. ప్రాణం ఉసూరుమంటుంది. ఆ కోపంలో పొద్దున టిఫిన్ మానేస్తాం. అక్కడే వచ్చే శనివారానికి విత్తనం పడుతుంది.

నిజానికి ఆ రెండు కిలోలు ఏమిటి? ఒక కిలో కొవ్వు పేరుకోవాలంటే సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. రెండు కిలోలకు 15,000 పైనే. రెండు రోజుల్లో అంత తినడం మామూలు మనిషికి సాధ్యం కాదు. పిండి పదార్థాన్ని ఒళ్లు గ్లైకోజన్‌గా దాచుకుంటుంది. ప్రతి గ్రాముతోపాటు దాదాపు మూడు గ్రాముల నీరు పట్టి ఉంచుతుంది. బిర్యానీలో, పచ్చళ్లలో ఉప్పు ఇంకాస్త నీటిని నిలుపుతుంది. పైగా తిన్నది ఇంకా పేగుల్లోనే ఉంది. సోమవారం మిషన్ మీద కనిపించేదాంట్లో ఎక్కువ భాగం నీళ్లు.

ఫిన్లాండ్‌లో పెద్దవాళ్ల రోజువారీ బరువులు పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనం ఈ సంగతిని ఇంకా స్పష్టం చేసింది. వారాంతం కాగానే బరువు కాస్త పెరగడం, వారం మధ్యలో తగ్గడం దాదాపు అందరిలో ఉన్న లయే. బరువు తగ్గుతున్నవాళ్లలోనూ ఉంది. కాబట్టి ఆ చిన్న అలను చూసి కంగారుపడక్కర్లేదు. కంగారుపడి మానేసే సోమవారం టిఫినే అలను వరదగా మారుస్తుంది. బరువు చూసుకోవాలంటే వారానికి ఒక్కసారి, గురువారమో శుక్రవారమో చూసుకోండి. నెల మొత్తం ఎటు పోతోందో గమనించండి.

లంఖణం తర్వాత పథ్యం

నా దారి మార్చింది ఇద్దరు. ఒకరు నేను వెళ్లిన సైకాలజిస్ట్. ఇంకొకరు మా అమ్మ.

అబద్ధాలు చెప్పి చెప్పి అలసిపోయి, ఒకరోజు అమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “నీ చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే నీకు పదకొండు రోజులు లంఖణాలు పెట్టించారు మీ నాయనమ్మ. జ్వరం తగ్గిన రోజు నువ్వు ఆవకాయన్నం కావాలని ఏడ్చావు. పెట్టామా? మొదట జావ. రెండ్రోజులకి చారన్నం. తర్వాత బీరకాయ కూర. వారానికి గానీ మామూలు అన్నం పెట్టలేదు. లంఖణం చెయ్యడం గొప్ప కాదే, దాన్నుంచి మనిషిని తిండిలోకి తేవడం గొప్ప. నిన్నెవరూ తేలేదు.”

జ్వరానికి లంఖణాలు పెట్టమని నేటి వైద్యం చెప్పదు. కానీ అమ్మ మాటలోని సారం ఈనాటి చికిత్సకు చాలా దగ్గరగా ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ పద్ధతి ఈ సమస్యకు బాగా పరీక్షకు నిలిచిన చికిత్స. అందులో కీలకమైన తొలి మెట్లలో ఒకటి తిండి తగ్గించడం కాదు, క్రమంగా తినడం. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు, రెంటి మధ్య నాలుగు గంటలకు మించిన ఎడం లేకుండా. ఆదివారం రాత్రి ఎంత తిన్నా సరే, సోమవారం పొద్దున టిఫిన్ తినాలి. సైకాలజిస్ట్ చెప్పినవాటిలో నాకు అది అన్నిటికంటే కష్టమైంది. మొదటి సోమవారం రెండు ఇడ్లీలు ముందర పెట్టుకుని ఏడ్చాను. తిన్నాను. నాలుగో వారానికి శనివారం సాయంత్రం ఫ్రిజ్ పిలుపు సన్నబడింది.

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మొదటి నుంచీ చెబుతున్నదీ నిదానమే. వారానికి అరకిలో తగ్గడం క్షేమమని దాని సూచన. 2024లో భారత వైద్య పరిశోధన మండలితో కలిసి విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, 2,000 కేలరీల రోజుకు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పప్పులు లేదా మాంసాహారం 85 గ్రాములు సూచించింది. ఆ లెక్కతో నా పళ్లెం పోల్చి చూసుకుంటే, కూర రెట్టింపు కావాలి, పప్పు పెరగాలి, అన్నం ఉండాలి. నేను భయపడి పూర్తిగా మానేసిన అన్నం అందులో తన చోటులో తాను ఉంది.

అమెరికాలో 1994 నుంచి నడుస్తున్న ఒక జాబితా ఉంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవాళ్లు అందులో పేరు నమోదు చేసుకుంటారు. వాళ్లను గమనించి 2004లో వెల్లడించిన ఫలితం ఇది: వారమంతా దాదాపు ఒకే తీరుగా తినేవాళ్లు, శని, ఆదివారాలు వదిలేసి మిగతా రోజుల్లోనే ఎక్కువ కట్టుదిట్టంగా ఉండేవాళ్లతో పోలిస్తే, తర్వాతి ఏడాది బరువు నిలుపుకునే అవకాశం ఒకటిన్నర రెట్లు ఎక్కువ. శని, ఆదివారాల్ని సోమవారంలా బిగించమని దీని అర్థం కాదు. సోమవారాన్ని కాస్త ఆదివారంలా సడలించమని. బుధవారం రాత్రి ఒక చిన్న గిన్నెడు పాయసం, శుక్రవారం మధ్యాహ్నం చేపల పులుసు. ఇష్టమైనది వారం మధ్యలో కూడా దొరుకుతుందని ఒంటికి నమ్మకం కుదిరితే, ఆదివారం దాని మీద ఎగబడదు.

ఈ వారం నుంచే

సాయంత్రం విందు ఉందని మధ్యాహ్నం భోజనం మానకండి. బయల్దేరే ముందు ఒక గుడ్డో, గుప్పెడు ఉడికించిన శనగలో, గ్లాసు పెరుగో తీసుకోండి.

రోజూ రెండు పూటలైనా పప్పు, గుడ్డు, చేప, పెసరట్టు, పెరుగు లాంటి మాంసకృత్తులున్న తిండి ఉండాలి. ఎక్కువసేపు కడుపు నిండుగా అనిపించేది వీటితోనే.

మీకు నిషేధమైన తినుబండారాలు కాగితం మీద రాయండి. వారానికొకటి, కడుపు నిండి ఉన్న రోజున, నలుగురి మధ్య, కంచంలో పెట్టుకుని తినండి. ఎగబడటం ఆగేది అలవాటుతోనే.

బయటి నుంచి తెప్పించుకున్నది ప్యాకెట్‌లో తినకండి. కంచంలోకి తీసుకుని కూర్చుని తినండి. ఫోన్ పక్కన పెట్టండి.

చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టుకోండి. అదుపు తప్పిన ప్రతిసారీ టైమ్, చోటు, దానికి ముందు ఏం జరిగిందో రాయండి. కేలరీలు రాయొద్దు. నాలుగు వారాలకు మీ కారణం మీకే కనిపిస్తుంది. నా పుస్తకంలో పదిసార్లకు ఏడుసార్లు ‘మధ్యాహ్నం తినలేదు’ అనే ఉంది.

తినాలన్న ఉధృతి అల లాంటిది. లేస్తుంది, పడుతుంది. పదిహేను నిమిషాలు మేడ మీదికి వెళ్లండి, ఎవరికైనా ఫోన్ చేయండి, స్నానం చేయండి. అప్పటికీ నిజంగా ఆకలిగా ఉంటే కూర్చుని భోజనం చేయండి.

ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు భోజన వేళలు మార్చే ముందు డాక్టర్‌ని అడగాలి.

ఇంట్లోవాళ్లకు

‘ఏంటి, ఇంత చిక్కిపోయావు, మొహంలో కళే లేదు’ అన్న నోరే ఆర్నెల్ల తర్వాత ‘మళ్లీ ఒళ్లు చేశావే’ అంటుంది. రెండూ ప్రేమతోనే అని తెలుసు. కానీ రెండూ మనిషిని అద్దం ముందుకే తోస్తాయి. బరువు తగ్గినవాళ్ల కంచం వైపు చూడకండి. ‘ఒక్కటి తింటే ఏం కాదు’ అని బలవంతంగా వడ్డించకండి. ‘డైట్ ఏమైంది?’ అని నలుగురిలో అడగకండి. ఫ్రిజ్‌లో గిన్నె ఖాళీ అయితే ఆరా తీయకండి. ‘భోజనం చేశావా?’ అని మధ్యాహ్నం ఒక్క ఫోన్ చేయండి. మా ఆయన చేసిన సాయం అదే. రోజూ ఒంటిగంటన్నరకి ఆ ఒక్క ప్రశ్న.

ఎప్పుడు వైద్యం కావాలి?

వారానికి ఒకసారైనా అదుపు తప్పుతూ నెలలు గడిచిపోతుంటే, తిన్నాక కావాలని వాంతి చేసుకుంటుంటే, విరేచనాల మందులు వాడుతుంటే, తిండి కారణంగా మనుషుల్ని తప్పించుకుంటుంటే, బతకాలనిపించకపోతుంటే ఆలస్యం వద్దు. మానసిక వైద్యుడినో క్లినికల్ సైకాలజిస్ట్‌నో కలవండి. ఇది మనోబలం లేకపోవడం వల్ల వచ్చేది కాదు, చికిత్సకు లొంగేది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చెప్పడానికి మాట దొరక్కపోతే ఇంతే చెప్పండి: ‘తినడం మొదలుపెడితే ఆపలేకపోతున్నాను.’ వాళ్లకు అర్థమవుతుంది.

ఇప్పుడు నా బరువు 69. ఆ 65 నాది కాదని ఒప్పుకోవడానికి కొంతకాలం పట్టింది. దాన్ని నిలబెట్టడానికి ప్రతి వారం ఐదు రోజులు మాడాల్సి వచ్చేది. ఈ 69 రెండేళ్లుగా పెద్దగా కదలలేదు. దీనికోసం నేను ఎవరికీ అబద్ధం చెప్పడం లేదు.

మొన్న ఆదివారం అమ్మ మటన్ వండింది. అందరం కూర్చుని తిన్నాం. నాకు నాలుగు ముక్కలు చాలనిపించింది, ఆగాను. మిగిలిన కూర నేనే గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. రాత్రి మంచినీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడు ఆ గిన్నె కనిపించింది. సీసా తీసుకుని తలుపు వేశాను. సోమవారం పొద్దున అమ్మ దోసెలు పోస్తుంటే ఆ కూర వేడి చేశాను. ఆదివారం మటన్ కూరకి అసలు రుచి మర్నాడు దోసెతోనే వస్తుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ రుచి నాకు ఇన్నేళ్లూ తెలియదు. నా దగ్గర అది ఎప్పుడూ సోమవారం దాకా మిగల్లేదు.